మాంటెర్రేలో ఉడకని అన్నం

నేను ఒక కరెంటు కుక్కర్ని. పుట్టింది కోయంబత్తూరులో, కాపురానికొచ్చింది మచిలీపట్నంలో గంగాధరం మాస్టారింటికి. "బటన్ నొక్కి మర్చిపోండి, అన్నం అదే వండుకుంటుంది" అని షాపువాడు నన్ను తెగ పొగిడాడు. ఆ పొగడ్తే నన్ను సముద్రాలు దాటించింది.

గంగాధరంగారు డ్రిల్లు మాస్టారు. కాలేజీ రోజుల్లో గోల్‌కీపరు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మ్యాచ్ ఒక్కటైనా స్టేడియంలో కూర్చుని చూడాలని ఆయన జన్మకోరిక. రిటైరయ్యాక భార్య మాణిక్యాంబతో మెక్సికో బయల్దేరారు. పోటీలు జరిగే మూడు ఊళ్లూ చూసి, చివరి ఊరు మాంటెర్రేలో మ్యాచ్‌కి వెళ్లాలి. బయట ఏం తిన్నా మాంసం తగులుతుందని ఆవిడ భయం. అందుకని పెట్టెలో ముందు నన్ను సర్దారు, నా పొట్టలో ఆవకాయ సీసా పెట్టారు. మాస్టారి బూట్లకు చోటు లేకపోయింది.

గ్వాదలహారాలో వీధులనిండా డప్పులు, జెండాలు. మావాళ్లు మాత్రం హోటల్ గదిలో నా చుట్టూ కూర్చున్నారు. అక్కడి కరెంటు మనదాంట్లో సగమేనట! ప్లగ్గు పట్టడానికి అడాప్టర్ కొన్నారుగానీ కరెంటు సంగతి ఎవరూ అడగలేదు. సాయంత్రానికి పలుకు అన్నం దిగింది. మెక్సికో సిటీలోనూ అదే వరస. ఇంటికి పంపిన ఫొటోలన్నీ గది కిటికీలోంచి తీసినవే.

"ఇది కొండమీది ఊరు కదండీ, అందుకే ఉడకట్లేదు. కింద ఊళ్లో ఉడుకుద్దిలెండి" అన్నారు మాణిక్యాంబ. పాపం, నామీద అంత నమ్మకం.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. మాస్టారికి షుగరు. మాత్ర వేసుకుని తినకపోతే కళ్లు తిరుగుతాయి. పొద్దున్నే నన్ను పెట్టారు. మధ్యాహ్నమైనా నాలో కుతకుత లేదు.

"ఇంకా ఎంతసేపే?"

"నన్నడుగుతారేం? దాన్నడగండి."

"ఖాళీ కడుపుతోనే పోతాను."

"పోయి అక్కడ పడిపోతారా? నేను పోనివ్వను."

మాస్టారు మంచంమీద కూలబడి ఫోన్లోని రెండు టికెట్లూ చూసుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. ఛీ, నా బతుకు చెడ! సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే దుప్పట్లు మార్చడానికి హోటల్ పనిమనిషి లూపె వచ్చింది. నా మూత తీసి, గింజ నలిపి చూసి, పకపకా నవ్వింది. వెళ్లి తన భోజనం మూట తెచ్చి విప్పింది. వేడివేడి మొక్కజొన్న రొట్టెలు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, మన జొన్నరొట్టేనే!" అన్నారు మాణిక్యాంబ.

మాస్టారు ఆవకాయ నంజుకుని గబగబా తిన్నారు. లూపె కూడా రుచి చూసింది. కారానికి నీళ్లడుగుతుందనుకుంటే, ఇంకో ముక్క అడిగింది. ఆలుమగలిద్దరూ మ్యాచ్‌కి పరుగున వెళ్లారు. ఆ ఖాళీ గదిలో, చీకటి పడే వేళకు, నేను 'టక్'మన్నాను. అన్నం అయింది. తినేవాళ్లు లేరు.

తిరిగొచ్చిన మాస్టారికి గొంతు పోయింది. "ఆ కీపరు ఎట్టా ఆపాడనుకున్నావ్!" అంటూ, పక్కనే కూర్చుని చూసిన భార్యకే మంచంమీద దూకి మరీ చూపించారు. ఆవిడ కొత్తగా విన్నట్టు నవ్వుతున్నారు. నాకూ కడుపు నిండింది.

తెల్లారి పెట్టెలో నా చోట ఒక ఫుట్‌బాల్ కూర్చుంది. మిగిలిన ఆవకాయతో సహా నన్ను లూపెకిచ్చారు.

లూపె నాలో ఏదీ వండదు. రొట్టెలు గుడ్డలో చుట్టి పెడుతుంది. ఈ సగం కరెంటుకి అవి మాడవు, చల్లారవు. ఇంటికొచ్చినవాళ్లంతా నన్ను మెచ్చుకుంటున్నారు. బాగానే ఉంది. కానీ ఈ ఊళ్లో మూత తీసి "అన్నం అయిందా?" అనేవాళ్లు ఒక్కరూ లేరు. కాలేదనే చెప్పాలి, అయినా ఎవరైనా అడిగితే బాగుండు.