మా వంతు రాని పది నిమిషాలు

పొద్దున్న ఆరింటికి మా ఆఫీసులో నిలువుకాళ్ల మీటింగు. కుర్చీలుండవు. కూర్చుంటే కబుర్లు ఎక్కువవుతాయట. లెక్కగా పది నిమిషాలు. షిఫ్టు మేనేజరు బల్ల మీద గంట పెట్టుకుంటాడు కాబట్టి ఆయన్ని అందరం గంటసారు అంటాం. వరుస ఎప్పుడూ మారదు. ముందు పైలట్ల తరఫు మనిషి, తర్వాత ఇంజనీరు, టికెట్ కౌంటరు, భోజనాలు చూసే అక్క, అందరి తర్వాత విమానంలోకి సామాన్లెక్కించే మేము. మా జట్టు తరఫున నేను. నా దాకా వచ్చేసరికి గంట మోగుతుంది. మోగిందంటే సమస్య లేనట్టే లెక్క; గంటసారు బోర్డు మీద మా గడిలో పచ్చబిళ్ల అంటించేస్తాడు. సమస్య ఉంటే ఎర్రబిళ్ల. ఎర్రబిళ్ల పడందే మరమ్మతు షెడ్డువాళ్లు ఏ బండినీ ముట్టరు.

సామాన్లను విమానంలోకి ఎక్కించే బెల్టు బండికి బ్రేకు పట్టడం లేదని చెప్పడానికి తొమ్మిది రోజులు ఆ గదిలో నిలబడ్డాను. తొమ్మిది రోజులూ గంటే మోగింది. గంటసారుని బయట పట్టుకుని చెబితే, "మీటింగులో చెప్పమ్మా, దేనికైనా ఒక పద్ధతుంటుంది" అన్నాడు. పద్ధతట, పద్ధతి! చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా దగ్గర అది తిరగబడింది.

పదో రోజున ఆ బండి విమానం పక్కనే జారి మా బాబాయి చెయ్యి నలిపేసింది. రెండు వేళ్లు తీసేశారు. బాబాయి మా నాన్నకు స్వయానా తమ్ముడు, నాకీ పని నేర్పినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే ఆయనకు కాగితం అందింది. బ్రేకు సంగతి దాచిపెట్టి బండి నడిపినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో శుక్రవారం పదకొండింటికి వచ్చి చెప్పుకోవాలట. సాక్ష్యం, బోర్డు మీద తొమ్మిది రోజుల పచ్చబిళ్లలు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

తప్పు మనిషిదని రాసుకున్నాక ఇక బండికేం? నెత్తురు కడిగి మళ్లీ పనిలో పెట్టారు. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టుకుని నడిపించుకుంటున్నాం. వాళ్ల మీద ఎంత మండిందో నా మీదా అంతే మండింది. మొదటిరోజే దాని తాళం లాగి జేబులో వేసుకోవలసింది. మెమో ఇస్తారని భయపడ్డాను.

శుక్రవారం మీటింగులో గంటసారు నోరు తెరవకముందే అడిగేశాను. "బాబాయికి దెబ్బ తగలకముందు ఆ తొమ్మిది రోజుల్లో నా వంతు ఒక్కసారైనా వచ్చిందా? ఎవరైనా విన్నారా?"

అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు.

"వరుస తప్పకమ్మా. చివర్లో నీకూ టైమిస్తాగా" అన్నాడు గంటసారు.

"మీరిచ్చిన టైముకే మా బాబాయి వేళ్లు పోయాయి సార్."

"చివర్లో అన్నానా?"

పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. పైలట్ల మనిషి పొగమంచు గురించి చెప్పాడు. ఇంజనీరు టైర్ల గురించి చెప్పాడు. కౌంటరావిడ ప్రింటరు గోల నాలుగు నిమిషాలు తినేసింది. భోజనాల అక్క మాత్రం "మాకేం లేదు, ఈ అమ్మాయిని చెప్పనివ్వండి" అంది.

"బెల్టు బండి బ్రేకు..." అన్నాను. గంట మోగింది.

ఈసారి నేను ఆపలేదు. "ఆ బండి ఈపూట కూడా తిరుగుతోంది! ఇంకెవడి చెయ్యి కావాలి మీకు? వినబడుతోందా?" గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాను. గంటసారు చెయ్యి మాత్రం తన అలవాటు ప్రకారం డబ్బాలోంచి పచ్చబిళ్ల తీసి మా గడిలో అంటించింది.

అందరి కళ్లూ బోర్డు మీదికి తిరిగాయి. తనేం చేశాడో అప్పుడు తెలిసింది ఆయనకి. బిళ్ల పీకబోయాడు.

"ముట్టుకోకండి సార్, ఫొటో తీసేశాను" అంది భోజనాల అక్క.

నేను బయటికి పరిగెత్తాను. బెల్టు బండి అప్పటికే విమానం వైపు కదులుతోంది. ఆపించి, డ్రైవరును దింపి, తాళం లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇంకో బండి వచ్చేసరికి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. తొమ్మిది రోజులు రాని పెద్ద మేడమ్ నలభై నిమిషాలకే మెట్లు దిగి వచ్చింది. బాబాయి కాగితం మీద సంతకం ఆవిడదే.

"బండి ఎవరాపారు?"

"నేనే మేడమ్." తాళం ఆవిడ చేతిలో పెట్టి, నా వెనకే వచ్చిన అక్క ఫోను చూపించాను. అందులో నా నోరు తెరిచి ఉంది, మెడ నరాలు పొంగి ఉన్నాయి, గంటసారు వేళ్లు ఇంకా పచ్చబిళ్ల మీదే ఉన్నాయి.

"ఇక్కడ నువ్వేమంటున్నావు?"

"బ్రేకు పట్టడం లేదంటున్నాను."

ఆవిడ పక్కనే నిలబడ్డ గంటసారు వైపు తిరిగింది. "నిజమేనా? చెప్పిందా?"

"టైమైపోయింది మేడమ్."

పదకొండింటికి బాబాయి ఇస్త్రీ యూనిఫాంలో, కట్టుకట్టిన చేత్తో వచ్చాడు. కాగితం వెనక్కి తీసుకున్నారు. ఈసారి విచారణ గంటసారు మీద అన్నారు. బయట బెంచీ మీద బాబాయి పక్కన కూర్చుని, "ఉద్యోగం ఎక్కడికీ పోదు బాబాయ్" అన్నాను. తలూపాడు.

"బండి బాగు చేశారా?"

"చేశారు. నా కళ్ల ముందే చేశాడు షెడ్డు మేస్త్రీ."

"ఎంతసేపు పట్టిందేంటి?"

అబద్ధం చెబుదామనుకున్నాను.

"పది నిమిషాలు" అన్నాను.

బాబాయి తన చేతికట్టు వంక చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట బూతుమాట వినడం నాకదే మొదటిసారి.