గడప బయటి గిరాకీ

మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక కాటా, ఎనభై ఖాళీ గోనెసంచులు, ఒక పాత టీవీఎస్ బండి, నలభై వేల రూపాయలు. వ్యాపారం మాత్రం లేదు. పావగడ తాలూకా రాయచెర్లు చుట్టుపక్కల పండే వేరుశనగ కొని వై.ఎన్.హొసకోటలో అమ్మేవాణ్ణి. ఆ చేలన్నీ సోలార్ పలకల కిందికి పోయాయి. భూమి ఉన్నవాళ్లకు ఏటా కౌలు వస్తోంది. నాకు భూమి లేదు, వాళ్ల పంట మీదే నా బతుకు. పంట పోయిందని వ్యాపారికి కౌలు కట్టే కంపెనీ ఇంకా పుట్టలేదు.

నా బామ్మర్ది బోరయ్య బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్.

"ఇంకొక మనిషి కావాలంటాండారు బావా. ఉగాది దాకా ఆపి పెడతా" అన్నాడు.

ఇరవై ఏళ్లు నలుగురి పంటకు ధర చెప్పినవాణ్ణి. గేటు పట్టుకుని కార్లకు సలాం కొట్టడం నావల్ల కాదు. ఉగాదిలోపు ఇక్కడే ఏదో ఒకటి నిలబడాలి.

అప్పుడే నాటుకోళ్ల పెంపకానికి సబ్సిడీ ఉందని తెలిసింది. షెడ్డు, ముప్పై కోళ్లు మనం చూపించాలి. తనిఖీలు అయ్యాక వాళ్లు లక్ష ఇస్తారు. లెక్క నచ్చింది. అర్జీ ఇచ్చి, ఉన్న డబ్బంతా షెడ్డుకూ కోళ్లకూ పెట్టేశాను.

మొదట పశువుల డాక్టరు, డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. లెక్కపెట్టి ముప్పై అని రాసుకున్నాడు. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ వేళప్పుడు ఇంటికొచ్చిన మనిషిని మా వైపు ఒట్టి కడుపుతో పంపరు. నా భార్య నరసక్క రెండు కోళ్లు కోసి పులుసు పెట్టి, రాగి సంగటి కెలికింది. మూడోదాన్ని నేనే కాళ్లు కట్టి జీపులో వేశాను. దాన్ని ఖర్చు అనుకోలేదు, పెట్టుబడి అనుకున్నాను.

తర్వాత బ్యాంకు మేనేజరు భరత్‌కుమార్, ఆఫీసు మొత్తాన్ని తీసుకుని వచ్చాడు. నాలుగు కోళ్లు. ఏదో సంతకం మిగిలిపోయిందని ఆయనే మళ్లీ వచ్చాడు. ఇంకో నాలుగు.

"ఏం చెయ్యక్కా నీది! ఇట్లాంటి పులుసు పావగడలో కూడా దొరకదు" అన్నాడు చెయ్యి నాకుతూ.

జీపు పోయాక నరసక్క నన్ను నిలదీసింది.

"ఏమయ్యా, వీళ్లు కోళ్లు పెంచేకి దుడ్డిస్తారా, అయిపోయేదాకా తినేకి వస్తానే ఉంటారా?"

"నీకు యాపారం తెలీదులే."

"తెలీదు. గూట్లో ఎన్ని ఉండాయో ఎంచేది తెలుసు."

పందొమ్మిది ఉన్నాయి. కొత్తవి కొనడానికి చేతిలో పైసా లేదు.

ఆఖరి తనిఖీకి తుమకూరు నుంచి శ్రీనివాస అనే ఆఫీసరు చెప్పకుండా దిగాడు. కడిగిన ముత్యం లాంటి మనిషని పేరు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు.

"కాగితంలో ముప్పై ఉండాది. మిగతావి యాడ?"

నేను నసుగుతుంటే నరసక్క అందుకుంది.

"మీకు ముందొచ్చిన సార్లు తినిపోయినారు సార్."

"అట్ల రాసేకి రాదమ్మా."

"అయితే అడవిపిల్లి తినిందని రాసుకోండి. జీపులో వచ్చిన అడవిపిల్లి."

ఆయన నవ్వలేదు. పందొమ్మిది అనే రాశాడు. ఆ తర్వాత వేళ దాటిందని భోంచేశాడు. పదిహేడు మిగిలాయి.

కోళ్లు తక్కువున్నాయని అర్జీ కొట్టేశారు. ఉగాదికి పది రోజులుంది. బస్సు ఎప్పుడుందని బోరయ్యను అడిగి, సంచి సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే, ఒక ఆదివారం పొద్దున భరత్‌కుమార్ ఫోను చేశాడు. సోలార్ ప్లాంటు ఇంజినీర్లు ఆరుగురు, మా ఇంటి పులుసు కావాలంటున్నారట. డబ్బులిస్తారట.

కాయలు అమ్మాను, సంచులు అమ్మాను గానీ, ఇంట్లో అన్నం పెట్టి చెయ్యి చాపిన వంశం కాదు మాది. చాపితే ఊళ్లో తలెత్తుకోలేము. ఊరికే పెడదామంటే పదిహేడు కోళ్లు నాలుగు ఆదివారాలకు మించి రావు.

నరసక్క బల్లను ఈడ్చుకెళ్లి గడప అవతల, షెడ్డు నీడలో వేసింది. దాని మీద నా గోనెసంచి ఒకటి పరిచింది.

"గడప లోపల కూచుంటే చుట్టాలు, దుడ్డు అడగను. ఈడ కూచుంటే గిరాకీ, ప్లేటు రెండొందలు. యాడ కూచుంటారో వాళ్లనే అడుగు."

అందరూ జీపు దిగగానే అడిగాను. మేనేజరు గడప వైపు ఒకసారి చూశాడు, ఇంజినీర్ల వైపు ఒకసారి చూశాడు, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

ఆ మరుసటి ఆదివారం పదిమంది. ఆ తర్వాత రోజూ. సర్దిన సంచిని నేను విప్పలేదు, నరసక్కే విప్పి అందులో రాగిపిండి పోసుకుంది.

మొన్న శ్రీనివాస వచ్చాడు, తోడుగా ఇంకొక ఆఫీసరు. తింటూ తింటూ నన్ను పిలిచాడు.

"హోటల్ పెట్టేవాళ్లకు వేరే సబ్సిడీ ఉండాది కొల్లప్పా. మూడు లక్షలు."

"పెట్టేసినాం కదా సార్?"

"అదే కష్టం. అది ఇంకా పెట్టనోళ్లకే. ఒక పని చెయ్యి. మూసేసి అర్జీ ఇయ్యి. శాంక్షన్ అయినాక తెరువు. తనిఖీకి మేమే వస్తాం."

నరసక్క గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఎందుకు రారు సార్, తప్పకుండా వస్తారు. ముందు ఈ పూటది కట్టండి. గడప బయట కూచున్నారు."

ఆఖరు లెక్క ఇది. నలభై వేలు షెడ్డులోనూ కోళ్లలోనూ పోయాయి, షెడ్డు హోటలై వాటిని తిరిగి తెచ్చింది. ఆ ముప్పై కోళ్లలో ఒక్కటీ లేదు. ఇప్పుడు వారానికి నలభై సంతలో కొంటున్నాను, అదే కాటాతో తూచి. సంచులు బల్లల మీద ఉన్నాయి. బెంగళూరు గేటు దగ్గర ఇంకెవరో నిలబడ్డారు. శ్రీనివాస రెండు ప్లేట్లకు నాలుగు వందలు కట్టాడు. ప్రభుత్వం వైపు నుంచి ఇంతవరకు నా చేతికి వచ్చింది అదొక్కటే.