అమ్మ మార్చిన అంకెలు

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ తల్లి ఎనిమిదోసారి ఫోను తాళం అంకెలు నొక్కింది. తప్పు. ఇక రెండుసార్లే మిగిలాయనీ, గంటసేపు ఆగమనీ ఫోను చెప్పింది.

చిన్నకూతురికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ ఆవిడ వీడియో తీసింది. మూడు నెలల్లో పదకొండు. అవి చూస్తేగాని ఏ రకం ఫిట్సో తేల్చలేననీ, రకం తెలియకుండా మందు మారిస్తే ఇంకా పెరగొచ్చనీ డాక్టరమ్మ పోయినసారే చెప్పింది. అవన్నీ ఈ ఫోనులోనే ఉన్నాయి. నెట్‌లో ఇంకోచోట కూడా దాచమని పెద్దకూతురు అంటే, "నా బిడ్డ గిలగిలా కొట్టుకోవడం ఎవడెవడో చూడాలా?" అని ఆవిడే ఒప్పుకోలేదు.

ఫోను ఇచ్చింది పెద్దకూతురు. అందులో గోరంత చిప్పు ఉంది, తాళం వేసేది అదే. ఏదో ఒక కంపెనీ గుట్టుగా చేసుకున్నది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి, ఒకరు రాసినదాంట్లో ఇంకొకరు తప్పులు పట్టి, నమూనా అంతా అందరూ చూసేలా నెట్‌లో పెట్టి మరీ చేశారు. ఆ తప్పులు పట్టేవాళ్ళలో పెద్దది కూడా ఉంది. నిన్న ఆ సంగతి మురిసిపోతూ చెప్పింది. తల్లికి అంతే చాలు. తాళం గుట్టు లోకానికంతా తెలిస్తే తన అంకెలూ తెలిసినట్టే కదా అని హడలిపోయింది. ఎవరి ఊహకూ అందకూడదని, ఎవరి పుట్టినరోజూ కానివి ఏరి మరీ అంకెలు మార్చేసింది. తెల్లారేసరికి అవి తన ఊహకే అందలేదు.

పెద్దది ఆఫీసు నుంచి పరుగున వచ్చింది.

"ఎందుకు మార్చావమ్మా?"

"నువ్వేగా, అందరూ చూస్తారన్నావు!"

"తాళం ఎలా పనిచేస్తుందో చూస్తారు. నీ అంకెలు కాదు. అవి ఆ చిప్పు దాటి బయటికే రావు."

"సరే, క్లాసు తర్వాత పీకుదువుగాని. నువ్వు చేసిందేగా, తెరువు."

"నేనూ తెరవలేను."

"కన్నతల్లి దగ్గర బెట్టా?"

"బెట్టు కాదమ్మా. మరిచిపోయేవాళ్ళ కోసం ఓ దొడ్డిదారి పెడదామని ఒకాయన రాసి పంపాడు. దొంగ కూడా అందులోంచే దూరతాడని నేనే వద్దన్నాను. మిగతావాళ్ళు సరేనన్నారు."

"నీ తెలివి నా ప్రాణానికొచ్చింది."

పెద్దది తల దించుకుంది. బెంచీ మీద ఇద్దరి మధ్యలో కూర్చున్న చిన్నది నవ్వాపుకోలేకపోయింది. "అమ్మ బుర్రలో కూడా ఆ చిప్పే ఉన్నట్టుందక్కా. ఏదీ బయటికి రాదు."

"నువ్వు నోర్ముయ్."

గంట గడిచాక తొమ్మిదోసారి నొక్కారు. అదీ తప్పే. ఈసారి రోజంతా ఆగాలి. పదోసారి కూడా తప్పితే లోపలున్నదంతా చెరిగిపోతుంది.

అంతలో లోపలికి పిలిచారు. ఫిట్స్ ఎలా వస్తాయో తల్లి తడుముకుంటూ చెప్పింది. మాటలు చాలక, కుర్చీలోనే మెడ ఓ పక్కకి తిప్పి, కుడిచెయ్యి బిగించి చూపించింది. ఇద్దరు కూతుళ్ళూ నవ్వు దాచుకుంటూ నేలకేసి చూశారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"కళ్ళు ఎటు తిరుగుతాయమ్మా? ముందు చెయ్యా, ముందు కళ్ళా?"

ఆవిడకి తెలియదు. అప్పుడు తన కళ్ళు తుడుచుకుంటూ ఫోను పట్టుకోవడమే సరిపోయేది.

"ఊహించి మందు రాయలేను. ఇంకోసారి వచ్చినప్పుడు మొదటినుంచీ తీసి తెండి."

ఇంటికొచ్చాక పెద్దది తన ఫోను తల్లి చేతిలో పెట్టి, పాతదాన్ని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి ఆఫీసుకి వెళ్ళింది. చిన్నది బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తల్లి ఎదురుగా స్టూలు లాక్కుని, ఫోను గురిపెట్టి కూర్చుంది. రాకూడదు అనుకుంది. రాకపోతే మందు లేదు. వస్తే, మొదటి క్షణం తప్పిపోకూడదు. రెప్ప వేయడానికి కూడా భయమేసింది.

"అలా చూడకమ్మా, లెక్క తప్పుతోంది."

ఆవిడ ఫోను కాస్త దించింది. వేలు మాత్రం బొత్తం మీదే ఉంచింది.