పద్దెనిమిది అభిప్రాయాలు

పొద్దుటి ఆట వదిలేసరికి అతను ఎడమవైపు మెట్ల దగ్గర, మూడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు. రెండో మెట్టు మీదైతే జనం భుజాలు తగులుతాయి. నాలుగో మెట్టు మీదైతే వాళ్లు తలెత్తి చూడాల్సి వస్తుంది, తలెత్తి చూడాల్సి వస్తే ఎవరూ ఆగరు. ఈ కిటుకు తెలియడానికి అతనికి రెండేళ్లు పట్టింది. మెడలో తాడుతో వేలాడే రాత అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన కార్డులు, చొక్కా జేబులో రెండు పెన్నులు. యాభై మూడేళ్ల మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎవరితో మాట్లాడినా చెవి ఒగ్గి వింటున్నట్టే కనిపిస్తాడు.

"సినిమా ఎలా ఉందండీ?"

పంతొమ్మిదేళ్లుగా అదే ప్రశ్న. హాల్లో పనిచేసేవాళ్లు అతన్ని పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి 'ఎలావుందండీ గారు' అని పిలుస్తున్నారు. రోజుకు నలభై మందిని ఆపి, వాళ్లు చెప్పింది కార్డుల మీద రాసి, సినిమాలు పంపిణీ చేసే కంపెనీకి పంపడం అతని పని. ఇన్నేళ్లలో తన అభిప్రాయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వంట ఎలా ఉందని అడిగితే పర్వాలేదంటాడు. ఊరందరి నోట్లో నోరు పెట్టి అడుగుతారు, మిమ్మల్ని అడిగితే మాత్రం నోరు పెగలదు అని భార్య దెప్పుతూ ఉంటుంది. ఏ సినిమానూ అతను పూర్తిగా చూడడు. చూస్తే తన మాట కార్డుల్లోకి దూరుతుందని మొదట్లో భయపడేవాడు. తర్వాత తర్వాత ఓపిక లేకపోయింది.

ఆ గురువారం ఆడుతున్నది హిందీ సినిమా. పెళ్లిళ్లలో పాడే ఒక అబ్బాయి, పాటలు రాసే ఒక అమ్మాయి. కలుస్తారు, పోట్లాడుకుంటారు, విడిపోతారు. ఆమె రాసిన మాటలు పాడి అతను పేరు తెచ్చుకుంటాడు. మూడో వారం కావడంతో జనం పలచగానే ఉన్నారు. మర్నాడు కొత్త సినిమా వస్తోంది.

మొదట దొరికిన పెద్దాయన పాటలన్నీ బాగున్నాయని, కథే మధ్య మధ్యలో అడ్డొస్తోందని చెప్పాడు. ఒక జంట అతని ముందే వాదనకు దిగింది. ఆ అమ్మాయి చివర్లో వెనక్కి రాకూడదని భార్య, రాకపోతే మనం ఇంతసేపు కూర్చున్నది దేనికని భర్త. చెరో కార్డు రాసుకున్నాడు. బట్టలు కుట్టే ఒకావిడ నాయిక కోటుకు ఒక సీనులో మూడు బొత్తాలు, తలుపు దాటాక నాలుగు బొత్తాలు ఉన్నాయని వేళ్లు చూపించి మరీ చెప్పింది. అంతకు మించి ఆవిడకు ఫిర్యాదేమీ లేదు. ఇద్దరు కాలేజీ పిల్లల్లో ఒకతె ముక్కు ఎగబీలుస్తూ మాట్లాడలేకపోతే, దీనికి నచ్చిందని రాసుకోండి అని రెండోది చెప్పింది. వ్యాను నడిపే అతను తనకు హిందీ రాదన్నాడు, తెర కింద అక్షరాలు చదివే తీరికా లేదన్నాడు. అయినా చూడటం ఇది రెండోసారి. సినిమాలో ఆ అబ్బాయి గొంతెత్తినప్పుడల్లా తను చిన్నప్పుడు ఉన్న ఇల్లు గుర్తొస్తోందట.

ఆ రోజు అతను ప్రతివాళ్లనీ ఇంకో మాట కూడా అడిగాడు. రెండో సగంలో ఏదైనా లోటు అనిపించిందా, అక్కడ ఒక పాట ఉంటే బాగుండేదనిపించిందా అని. వాళ్లు వింతగా చూశారు. ఒకరిద్దరు తల అడ్డంగా ఊపారు. బొత్తాల ఆవిడ మాత్రం కాస్త ఆలోచించింది. "లేనిదాని గురించి మమ్మల్ని అడిగితే ఏం చెప్తామండీ?" అని, అతని కార్డుల వంక జాలిగా చూసి వెళ్లిపోయింది.

అక్కడ ఉన్న పాటను తీసేయించింది అతనే.

సినిమా విడుదలైన శుక్రవారం అతనికి నడుము పట్టేసింది. పొద్దుటి నుంచీ నిలబడి ఇరవై రెండు కార్డులు నింపాడు. సాయంత్రం ఆట వదిలే వేళకు వాన మొదలైంది. జనం తలల మీద సంచులు పెట్టుకుని పరుగులు తీశారు. ఒక్కరూ ఆగలేదు. అతను మెట్ల కింద గోడకు ఆనుకుని కూర్చుని మిగిలిన పద్దెనిమిది కార్డులూ తనే నింపాడు. ఒక పెన్నుతో నిలువు అక్షరాలు, రెండో పెన్నుతో వాలు అక్షరాలు. అంతకుముందు కూడా వేళ చాలనప్పుడు ఒకటో రెండో రాసిన మాట నిజమే కానీ ఒక్కసారిగా ఇన్ని ఎప్పుడూ రాయలేదు. ఏం రాయాలో తోచలేదు. మధ్యాహ్నం ఎవరో ఒకాయన, నాయిక వంటగదిలో ఒంటరిగా పాడుకునే పాట దగ్గర విసుగొచ్చి టీకి లేచానని అన్నాడు. ఆ మాటే అటూ ఇటూ తిప్పి పద్దెనిమిది మంది చేత చెప్పించాడు. ఎవరు చదువుతారులే అనుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో అతని కార్డుల వల్ల ఒక్క సినిమాలో ఒక్క దృశ్యం కూడా మారలేదు.

ఈసారి చదివారు. అసలే సినిమా నిడివి ఎక్కువైందని తర్జనభర్జన పడుతున్న కంపెనీవాళ్లకు, నలభై మందిలో పంతొమ్మిది మంది ఒకే పాట పేరు చెప్పడం దారి చూపించినట్టయింది. బుధవారం నుంచి ఆ పాట లేదు. మీ కార్డులకు విలువొచ్చిందండీ అని మేనేజరు భుజం తట్టాడు. అతను ఏదో నవ్వాడు.

ఆ శనివారం గేటక్క అతన్ని ఆపింది. లోపలికి వెళ్లే దారిలో టికెట్లు చింపే ఆవిడ. పొట్టిగా, బలంగా ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా చింపీ చింపీ కుడిచేతి బొటనవేలి చివర గట్టిపడి నున్నగా మెరుస్తుంటుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఆ వంటగది పాట ఎందుకు తీసేశారో నీకేమైనా తెలుసా తమ్ముడూ అని అడిగింది. తెలియదన్నాడు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా రోజుకు రెండాటలు, మొత్తం పదిసార్లు, ఆ పాట వేళకు గేటు వదిలి వెనక తలుపు దగ్గరికి వెళ్లి నిలబడి విన్నానని చెప్పింది. వాయిద్యాలేవీ ఉండవట. కుళాయి నీళ్ల చప్పుడు, గిన్నెల చప్పుడు, ఆ అమ్మాయి గొంతు, అంతే. తన తోడికోడలు అచ్చం అలాగే గిన్నెలు తోముతూ పాడేదట. జనాన్ని నువ్వే కదా అడిగేది, ఆ పాట మళ్లీ పెట్టమన్నారని రాయించరాదూ అంది.

చూస్తానన్నాడు. అలా అని పన్నెండు రోజులు గేటు వైపు నుంచి రావడం మానేసి, వెనక సైకిళ్ల షెడ్డు గుండా చుట్టూ తిరిగి వచ్చాడు. ఇంట్లో తింటున్నా, స్నానం చేస్తున్నా ఆ మాటే. మళ్లీ పద్దెనిమిది కార్డులు దొంగరాత రాసి పాట పెట్టించవచ్చు. రెండుసార్లు పెన్ను తీశాడు కూడా. చెయ్యి రాలేదు. మొదటి అబద్ధాన్ని అంత సులువుగా రాసిన చెయ్యి అది.

ఈ గురువారమే గేటక్కకు ఆఖరి రోజు. శుక్రవారం నుంచి టికెట్లు యంత్రమే చూసుకుంటుంది. నడుమెత్తు స్తంభం, దానికో పచ్చ దీపం. అప్పటికే గేటు పక్కన బిగించేశారు.

పొద్దుటి ఆట అయ్యాక అతను మేనేజరు గదికి వెళ్లి నిలబడి అంతా చెప్పాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు, పోతే బాగుండునని కూడా అనుకున్నాడు. మేనేజరు ఫోను పక్కన పెట్టి విన్నాడు, నవ్వాడు.

"మీరు రాస్తే ఏంటి, వాళ్లు రాస్తే ఏంటండీ, కార్డు కార్డే. ఆట ఇప్పుడు సరిగ్గా టైముకి వదుల్తోంది. అయినా ఇవాళ్టితో సినిమా పోతోంది కదా, ఇంకా దాని గొడవెందుకు?"

ఈ సంగతి ఇంకెవరితోనూ అనకండి అని మాత్రం చెప్పి పంపాడు. అతను బయటికొచ్చి నీళ్లు తాగాడు. శిక్ష పడి ఉంటే ఎక్కడో ఒకచోట దించుకునే బరువు, అలాగే నెత్తిన ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. జనం లోపలికి పోయాక ముందు హాలంతా ఖాళీ అయిపోయింది. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. తలుపుల వెనక నుంచి డోలు మోత మెత్తగా వినిపిస్తోంది. అతను గోడ పక్కన బెంచీ మీద కూర్చుని గేటు వైపు చూస్తూ ఉన్నాడు. విరామం అయిపోయింది. చాలాసేపటికి గేటక్క గోడ గడియారం చూసింది. చేతిలోని టికెట్టు ముక్కలు డబ్బాలో వేసి, వెనక తలుపు దగ్గరికి నడిచి వెళ్లి, చెయ్యి తలుపు మీద ఆనించి నిలబడింది. లోపల ఎవరో గట్టిగా పోట్లాడుకుంటున్నారు, తర్వాత రైలు కూత. పాట లేదు. ఆ పాట పట్టే నాలుగు నిమిషాలూ అలాగే నిలబడి తిరిగి వచ్చింది.

అతను లేచాడు. గేటు దాకా పదిహేను అడుగులు ఉంటాయేమో.

"అక్కా, ఆ పాట తీసేయించింది నేనే."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. అతను చెప్పాడు. వాన, నడుము, రెండు పెన్నులు, పద్దెనిమిది కార్డులు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. నున్నబడిన ఆ బొటనవేలినే చూశాడు. మేనేజరు నవ్విన సంగతీ దాచలేదు.

"నువ్వు విన్నావా ఆ పాట?" అని అడిగింది గేటక్క.

"లేదక్కా. నేను సినిమా చూళ్లేదు."

"వినకుండానే రాశావా?"

"ఊఁ."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కోపం వస్తుందనీ, తిడుతుందనీ అతను కాచుకుని ఉన్నాడు. ఆవిడ యంత్రం వైపు తిరిగింది.

"నీకు సగమే చెప్పాను మొన్న," అంది. "నాకా రోజు తలనొప్పి. ఇంటి నిండా చుట్టాలు. మా తోడికోడలు గిన్నెల దగ్గర కూర్చుని పాడుతోంది. వినలేక చస్తున్నాం తల్లీ, ఇక ఆపు అన్నాను అందరి ముందూ. ఒక్కసారే అన్నాను. నవ్వింది. ఆపేసింది. పద్నాలుగేళ్లు తమ్ముడూ. అదే వంటిల్లు, పక్కపక్కనే కూర్చుని తోమేవాళ్లం. మళ్లీ నోరు విప్పి పాడలేదు. పాడవే అని నేనూ అనలేదు. అదేం పెద్ద మాట, అనొచ్చుగా? అనలేదు. పోయినేడాది పోయింది."

తప్పయిపోయిందక్కా అని అతను గొణిగాడు.

"నన్నడక్కు. ఎవర్నీ ఏమీ అనే మొహం కాదు నాది."

లోపల జనం ఏదో మాటకు నవ్వారు. ఆ నవ్వు తలుపు సందులోంచి వచ్చి ఖాళీ హాల్లో కాసేపు తిరిగింది. అతను మెడలోని తాడు తీసి అట్టను బెంచీ మీద పెట్టి వచ్చాడు. పంతొమ్మిదేళ్లుగా రోజూ ఈ గేటు ముందు నుంచే మెట్ల దగ్గరికి వెళ్లేవాడు. ఇన్ని వేల మందిని అడిగాడు కానీ ప్రతి సినిమా ముక్కలు ముక్కలుగా వినే ఈ మనిషిని ఎన్నడూ అడగలేదు. టికెట్టు కొన్నవాళ్లే ప్రేక్షకులని ఎవరూ అతనికి చెప్పలేదు, తనే అనుకున్నాడు.

"ఎలా ఉండేదక్కా ఆ పాట?"

ఆవిడ చెప్పబోయి ఆగింది. చేతులతో ఏదో చూపించబోయి, అదీ కాదనుకుంది. తర్వాత తల కాస్త పక్కకు తిప్పి, పెదవులు విప్పకుండా, గొంతులోనే సన్నగా తీసింది. స్వరం ఒకచోట జారింది. మొదటికి వెళ్లి మళ్లీ అందుకుంది. మాటలు లేవు. అది సినిమాలో పాటో, ఆ తోడికోడలు పాడిందో అతను పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోవడానికి అతను ఏదీ విని ఉండలేదు. ముందుకు వంగి, నిజంగానే చెవి ఒగ్గి విన్నాడు. రెండో చరణం అనిపించిన చోట ఆవిడ గొంతు సవరించుకుంటుండగా గంట మోగింది. ఆట అయిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి. జనం వెలుతురుకు కళ్లు చికిలిస్తూ బయటికొచ్చారు. అతను అట్ట మెడలో వేసుకుని మూడో మెట్టు మీదికి పరుగెత్తాడు. ఒకాయన బాగుందన్నాడు. ఇద్దరు బాగాలేదన్నారు. ఒక తల్లీ కూతురూ ఆగి, పాటలన్నిట్లోకీ ఏది మంచిదో తేల్చుకోలేక అక్కడే నిలబడి ఒకటొకటిగా పాడి చూసుకున్నారు. అతను తొందరపెట్టలేదు. ఒక్కొక్క మాటా వాళ్లు చెప్పినట్టే రాసుకున్నాడు. నలభైకి ఇంకా ఆరు కార్డులు ఖాళీగా ఉండగా మెట్ల మీద మనుషులు అయిపోయారు. ఆ ఆరింటినీ ఖాళీగానే కవరులో పెట్టి అంటించాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లేదు. నాలుగు గంటలకు టీ, బిస్కెట్లు పెట్టి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నారట ఆఫీసువాళ్లు. అవన్నీ ఎందుకని, రోజూ వెళ్లే బస్సుకే వెళ్లిపోయిందని బల్ల తుడుస్తున్న ఆవిడ చెప్పింది. స్టూలు కూడా అప్పటికే లోపల పెట్టేశారు. యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతోంది. దాని పాదం పక్కన, చలువరాయి చల్లదనం కాళ్లకు తగలకుండా ఆవిడ వేసుకుని నిలబడే అట్టముక్క నేల మీద అలాగే ఉంది. అంచులు నలిగి, మధ్యలో రెండు పాదాల మేర నొక్కుకుపోయి, ఎడమ పాదం గుంట కుడిదాని కన్నా కొంచెం లోతుగా, వేళ్లు హాలు తలుపు వైపు తిరిగి.