ఎర్రటేపు తీగ

తమ్ముడి చేతిరాత చూస్తేనే అక్కకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది నెలల క్రితం ఇల్లు విడిచిపోతూ గుడ్లు పొదిగే పెట్టె తలుపుకు వాడు అంటించిపోయిన కాగితం అది. పక్కనే ఒక పెన్‌డ్రైవ్. "బోర్డు పోతే ఇలా చెయ్యి" అని పైన రాసి, కింద వరసగా కమాండ్లు. ఎక్కడ నొక్కాలో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు. నల్ల తెరలో అక్షరం అక్షరం కొట్టాలట! అందరిలా మౌస్ పట్టుకుంటే చేతులు అరిగిపోతాయా వీడికి?

తెల్లవారేసరికి పెట్టెలో వేడిని అదుపు చేసే బోర్డు మాడిపోయింది. లోపల ఆరువందల గుడ్లు, పద్దెనిమిదో రోజు. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు బయటికి రావాలి. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాల్సింది ముప్పై నాలుగుకు దిగింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పెట్టె మీద కప్పి, తమ్ముడు అదనంగా కొనిపెట్టిన కొత్త బోర్డు తీసి తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

మొదటి కమాండుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లోకి దిగింది. రెండోదానికి ఆ రకం బోర్డుకు కావాల్సినవి దిగాయి. మూడోది, బోర్డు ఏ పోర్టులో ఉందో అడిగేది. ఏ బోర్డూ కనబడలేదంది తెర.

"కళ్లు పోయాయా నీకు? ఎదురుగా దీపం వెలుగుతుంటే!"

బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ తీగలు ఇంట్లో మూడుంటే, మూడూ మార్చి చూసింది. ప్రతిసారీ బోర్డు మీద పచ్చదీపం వెలిగింది, ప్రతిసారీ తెర అదే మాట అంది. వేడి ముప్పై మూడుకు పడింది. చచ్చినా వాడికి ఫోన్ చేయనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఫోన్ తీసింది.

"నీ దిక్కుమాలిన కాగితం పని చేయట్లేదు. బోర్డు కనబడట్లేదట."

"దీపం వెలుగుతోందా అక్కా?"

"వెలుగుతోంది!"

"అయితే అవి ఉత్త ఛార్జింగ్ తీగలు. కరెంటు వెళ్తుంది, మాట వెళ్లదు. ఎర్రటేపు చుట్టింది పెట్టు."

పొద్దస్తమానం కంప్యూటర్‌కే అతుక్కుపోతావు, కోళ్ల మొహం చూడవు అని తిట్టి, వాడి కళ్లెదుటే కత్తెరతో ఆ తీగను రెండు ముక్కలు చేసింది అక్కే. ఆ సాయంత్రమే వాడు సంచి సర్దుకున్నాడు.

"కత్తిరించావు కదూ," తమ్ముడికే గుర్తొచ్చింది. "ముక్కలు పారేశావా?"

"నేనెప్పుడైనా ఏదైనా పారేశానా?"

ముక్కలు సొరుగులోనే ఉన్నాయి. కూరగాయల కత్తితో రెండు వైపులా తొడుగు ఒలిచింది. లోపల నాలుగు సన్నని తీగలు.

"ఏ రంగుకు ఆ రంగు కలిపి మెలిపెట్టు. ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టు. తొందరపడకు."

"తొందరపడొద్దట! ఇక్కడ గుడ్లు చల్లారిపోతుంటే!" అంటూనే మెలిపెట్టింది.

ఈసారి తెర మీద బోర్డు పేరు కనబడింది. మిగిలిన రెండు కమాండ్లూ కొట్టి, పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌ను బోర్డులోకి ఎక్కించింది. బోర్డును పెట్టెకు తగిలించగానే హీటరు ఎర్రబడింది. ముప్పై రెండున్నర. కాసేపటికి ముప్పై మూడు. ఒక గుడ్డు తీసి టార్చిలైటు మీద పెట్టి చూసింది. లోపల నల్లటి నీడ కదిలింది.

"కదులుతోందిరా," అంది.

"ఇంకెప్పుడైనా కోపమొస్తే నన్ను కొట్టక్కా. తీగల జోలికి పోకు."

"ఎలా కొట్టేదిరా?" అక్క అరిచింది. "కొట్టడానికి నువ్వు ఇంట్లో ఉంటేగా!"