అక్క చేయించిన స్నానాలు

నా మోకాళ్ల మీద మా అక్క కృపమణికి అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. ఏళ్ల తరబడి నేను కుంటుతుంటే చూసీ చూడనట్టు పోయిన మనిషి, ఆ ఏడు జొన్నకోతలు కాగానే వచ్చి పక్కన కూర్చుంది.

"నల్లమల కింద ఉడుకునీళ్ల గుండం ఉండాది. పోయి కొన్నాళ్లు ఉందాం పా. పెండ్లికి కుంటుకుంటా పోతావా?"

పెండ్లి నాదే. నా మొగుడు పోయి చాలా కాలమైంది. మా ఊరి ఏసన్నకు కూడా భార్య లేదు. కోయిలకుంట్ల దారిలో నల్లరేగడి చేనున్న మనిషి. పంట ఇంటికొచ్చాక మా ఏసు గుడిలో పాదిరి అయ్యగారికి మా పేర్లిద్దామని అక్క ఎదుటే నాకు మాటిచ్చాడు. పేర్లిస్తే మా గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే పెండ్లి ఖాయం, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా అయ్యగారు వినరు.

"తిరిగొచ్చినాక పేర్లిస్తురులే" అంది అక్క.

గుండం మాత్రం అబద్ధం కాదు. బండల సందులోంచి వెచ్చటి నీళ్లు ఊరుతుండేవి. పక్కనే వెదురు తడికల గుడిసెలు, చుట్టూ మామిడిచెట్లు. పొద్దున్నే మెడదాకా దిగి కూర్చుంటే ఒళ్లంతా వదులైపోయి నిద్ర ముంచుకొచ్చేది. బుద్ధెరిగాక పని లేకుండా కూర్చోవడం నాకు అదే మొదలు. యుద్ధమనీ, కిరసనాయిలు కరువనీ ఊళ్లో పడే ఏడుపు అక్కడ గుర్తుకే రాలేదు. అక్క ఆముదం వెచ్చచేసి నా మోకాళ్లకు రుద్దేది. నా తల దువ్వేది. జొన్నసంగటిలో చింతపండు చారు పోసి ముందు నాకే పెట్టేది. అమ్మ పోయాక నన్ను అంత ముద్దుగా చూసినవాళ్లు లేరు. నేనూ పసిదానిలా చేయించుకున్నాను.

ఆదివారం వస్తే మాత్రం గుడికి పోలేదని మనసు పీకేది.

"దేవుడు ఈడ లేడా? ఇంకో వారముంటే నొప్పి మొదలంటా పోతాది" అనేది అక్క.

నొప్పి నిజంగానే తగ్గుతోంది. అందుకే ఉండిపోయాను.

ఒక శనివారం పొద్దున మా ఊరి ఈరక్క, ఒంటి దురదకు మంచిదని బండి కట్టించుకుని గుండానికి వచ్చింది. మేము నీళ్లలో ఉన్నాం. అక్కను చూసి ఆగిపోయింది.

"ఏం కృపమణక్కా, కూతురి పెండ్లి పెట్టుకుని ఈడ కూచున్నావే?"

అక్కకు ఒక్కతే కూతురు, ప్రేమమ్మ. "ప్రేమమ్మకు పెండ్లా? ఎవరితో?" అన్నాను.

"నీకు తెల్దా? ఏసన్నకిస్తాండారు గదా. మీ గుడిలో రెండు వారాలు చదివినారంట. రేపు మూడోది."

అక్క చెయ్యి నా మోకాలి మీదే ఉంది. తీయను కూడా తీయలేదు.

"జీవమ్మా, ప్రేమమ్మ తండ్రి లేని పిల్ల. ఆ చేను కింద బతుకుతాది. నువ్వు ఊర్లో ఉంటే లేచి నిలబడతావని తోడుకొచ్చినా" అంది.

"ఏసన్నకు తెలుసా?"

"ఆయప్పనే అడుగు."

తిట్టడానికి నోటినిండా మాటలున్నాయి. తిడుతూ కూర్చుంటే ఆదివారం దాటిపోతుంది. ఈరక్కను దించిన బండి తిరుగు మొహం పట్టగానే ఎక్కాను. దారంతా ఒకటే మాట అనుకున్నాను. అతనికి ఏదో అబద్ధం చెప్పి ఉంటారు, నన్ను చూస్తే తానే లేచి వద్దంటాడు అని.

ఆదివారం పొద్దున గుడికి చేరేసరికి అయ్యగారు ప్రకటన చదువుతున్నారు. అభ్యంతరముంటే చెప్పవలెను అన్నారు. ఆడవాళ్ల చాపల వెనక నిలబడి "ఉండండి అయ్యా" అన్నాను.

అందరూ తిరిగారు. ప్రేమమ్మ ముఖం పాలిపోయింది. ఏసన్న కూడా తిరిగి చూశాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు. అక్క చేసింది కడుపులో మంటగా ఉండింది గానీ, ఇది చూశాక ఆ మంట కూడా చల్లారిపోయింది.

"ఏమమ్మా నీ అభ్యంతరం?" అన్నారు అయ్యగారు.

ఒక్క మాట చెబితే ఆగిపోయేది. ఆపి ఆ వంచిన తలను ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకోను?

"ఏమీ లేదయ్యా. నేను ఊర్లో లేనని అనుకుంటాండారు. ఉండానని చెబుదామని లేచినా. మీరు చదవండి."

ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు. అయిపోయేదాకా నేను కూర్చోలేదు.