పసుపు తాగిన చక్రం

నేను ఒక కారు చక్రాన్ని. టైరును కాదు, టైరును మోసే అల్యూమినియం రిమ్మును. ఎక్కడో కొలిమిలో కరిగి, అచ్చులో గడ్డకట్టి, ఐదు రేకుల పువ్వులా మెరుస్తూ బయటికి వచ్చాను. మొదటి యజమాని నన్ను రోజూ మెత్తని గుడ్డతో తుడిచేవాడు. కొత్త మోజు తీరాక, నర్సీపట్నంలో టాక్సీ నడిపే అప్పలకొండకు కారుతో సహా అమ్మేశాడు. మనుషుల ప్రేమకు కూడా వారంటీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక వానాకాలం, నీళ్లు నిండిన గోతిలో దభీమని పడ్డాను. నా అంచున వెంట్రుకంత పగులు పుట్టింది. అప్పటి నుంచి గాలి కొద్దికొద్దిగా జారిపోయేది. అప్పలకొండ పొద్దున్నే గాలి కొట్టి, "వాల్వు కారతన్నట్టుంది" అని సరిపెట్టుకునేవాడు.

దసరా దగ్గరపడ్డాక అతని కంటికి నా మీది గీతలు కనిపించాయి. స్ప్రే చేసే రబ్బరు పూత డబ్బాలు తెచ్చి, పెరట్లో నాలుగు చక్రాలనూ సబ్బుతో కడిగి ఆరబెట్టాడు. టైరుకు రంగు అంటకుండా చుట్టూ పాత పేకముక్కలు గుచ్చాడు. పలుచగా కొట్టడం, ఆరనివ్వడం, మళ్లీ కొట్టడం.

"నచ్చకపోతే అరటితొక్కలా ఒలిచీవొచ్చు," అని భార్య ఈశ్వరికి గొప్పగా చెప్పాడు.

నల్లగా, నున్నగా, కొత్తదాన్నయ్యాను. పగులు పూత కింద దాక్కుంది. నాకు మాత్రం ఊపిరాడలేదు.

పండగనాడు బండికి పూజ చేసి, పాడేరు ఘాటీ ఎక్కి, నెలలు నిండిన ఈశ్వరి చెల్లెలు రత్తాలును పురిటికి తీసుకురావాలి. ఆ దారిలో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీదే. నేను ముందు ఎడమ చక్రాన్ని.

అప్పలకొండ తల్లి నూకాలు పసుపు గిన్నెతో వచ్చి నిలబడిపోయింది. "ఏట్రా, పండగపూట బండికి ఈ మసి?"

"మసి కాదమ్మా, పేషను."

"నీ పేషను తగలెయ్య. పసుపు లోహానికి తగలాల. కుడి చక్రమన్నా ఒలువు."

అతను గొణుక్కుంటూ కుడిదాని పూత ఒలిచాడు. దానికి పసుపూ కుంకుమా పడ్డాయి. గుమ్మడికాయ పగిలింది. చక్రాల కిందికి నిమ్మకాయలు వచ్చాయి. అతను ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. అరవడానికి నాకు నోరు లేదు. ఉన్నది ఒక చీలిక, దాన్నీ మూసేశారు.

అప్పుడు ఈశ్వరి నా ముందుకు వచ్చి కూర్చుంది. రోజూ నా ఒక్కదానికే గాలి కొట్టడం ఆమె చూస్తూనే ఉంది.

"ఒక కాలికే పసుపు రాసి పేరంటాల్ని పంపుతారేటత్తా? ఇదీ ఒలుస్తాను."

"బేగి కానీ," అన్నాడు అప్పలకొండ లోపలి నుంచి.

ఆమె గోటితో అంచు లేపి పూత లాగేసింది. తడి పసుపు దట్టంగా పూసింది. అది కారిపోతుంటే గుడ్డతో తుడిచింది. పసుపంతా పోయింది, ఒక్క సన్నని గీత తప్ప. మళ్లీ తుడిచింది. పోలేదు. గోరు పెట్టి లాగితే గోరు అందులో తట్టుకుంది.

"బావా, దిగు."

"గీతేదో పడుంటాది. ఆలీసమైపోతంది."

"పై గీతైతే తుడిస్తే పసుపు పోతాది. ఇది పసుపుని తాగీసింది."

"పండగపూట అపశకునం మాటలాడకే," అంది నూకాలు.

ఇంజను ఆగలేదు. ఈశ్వరి లేవలేదు. నిమ్మకాయ పక్కనే చతికిలబడింది. "నువ్వు దిగీదాకా నాను నెగను. తెచ్చీది నా చెల్లిని."

అప్పలకొండ విసుగ్గా దిగి, సబ్బునీళ్లు తెచ్చి గీత మీద పోశాడు. చిన్న చిన్న బుడగలు వరసగా పైకి లేచాయి. అతను జాకీ కోసం డిక్కీ తెరిచాడు.

స్టెప్నీ నా చోటికి వచ్చింది. సాయంత్రం రత్తాలు కారు దిగి, నడుం పట్టుకుని మెల్లగా గుమ్మం ఎక్కడం గోడకు ఆనుకుని చూశాను.

పండగ వెళ్లాక అప్పలకొండ నన్ను పాత ఇనుము కొట్టుకు తీసుకెళ్లాడు. కొట్టతను తిప్పి చూసి, "పైన ఓ పూత కొడితే ఎవడైనా ఎత్తుకుపోతాడు గురూ," అన్నాడు.

అప్పలకొండ అతని సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బకే పసుపు గీత వెంట తెగిపోయాను. రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. తెగిన చోట పసుపు లోహం లోపలిదాకా దిగి ఉండడం చూశాడు.

ఇప్పుడు ఈ కుప్పలో రెండు ముక్కలుగా పడి ఉన్నాను. వానలు వచ్చిపోతున్నా తెగిన అంచున కాస్త పసుపు మిగిలే ఉంది. ఇక నాకెవరూ పూత వెయ్యరు. హాయిగా ఊపిరాడుతోంది.